‘మనోళ్ళేనా?’: కృష్ణా డెల్టాలో వెబ్ డిజైనర్‌కు డబ్బిచ్చే క్లయింటు ఎలా దొరుకుతాడు

ఫ్రీలాన్సింగ్ నేర్పే ఏ వీడియో చూసినా మొదటి క్లయింటు గురించి చెప్పే సలహా ఒకటే. తెలిసినవాళ్ళతో మొదలుపెట్టండి. బాబాయికి షాపు ఉందేమో అడగండి, నాన్న స్నేహితుడికి స్కూలు ఉందేమో కనుక్కోండి, వాళ్ళకో వెబ్‌సైటు చేసిపెడితే వాళ్ళే పదిమందికి చెబుతారు. వినడానికి చాలా మామూలు సలహా. కానీ బందరు, గుడివాడ, దివిసీమ చుట్టుపక్కల మాలపల్లెలో, మాదిగపల్లెలో పెరిగి డిగ్రీ కంప్యూటర్సో బీటెకో చదివిన కుర్రాడికి ఆ సలహా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. అతని బాబాయి రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. నాన్న స్నేహితుడు తాపీ పనికి వెళ్తాడు. తెలిసినవాళ్ళు లేక కాదు, చాలామందే ఉన్నారు. వెబ్‌సైటు కొనే స్థితిలో ఉన్నవాళ్ళు వాళ్ళలో లేరు.

క్లయింటు దొరకడాన్ని నైపుణ్యం సమస్యగా, ధైర్యం సమస్యగా, ఇంగ్లీషు సమస్యగా చూడటం మనకు అలవాటైంది. అవి ఉన్నాయి, కాదనను. కానీ అసలు చిక్కు ఎక్కడుందో చూడకుండా ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ వర్క్‌షాపులు ఎన్ని పెట్టినా ఉపయోగం తక్కువ. ఈ వ్యాసంలో రెండు పనులు చేస్తాను. డెల్టా పట్టణాల్లో ఈ పని ఎవరి చేతుల మీదుగా ఎవరికి వెళ్తుందో వివరిస్తాను. ఆ దారిలో ఎక్కడెక్కడ సందు ఉందో, చట్టం ఎక్కడ పనికొస్తుందో చెబుతాను.

ముందు డబ్బు ఎవరి దగ్గరుందో చూడాలి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల నీళ్ళు వచ్చాయి, నీళ్ళతో రెండో పంట వచ్చింది, పంటతో మిగులు వచ్చింది. ఆ మిగులు భూమి ఉన్నవాళ్ళకే వచ్చింది. కోస్తాంధ్ర ధనిక రైతు కుటుంబాలు వ్యవసాయ మిగులును పట్టణ వ్యాపారాల్లోకి ఎలా తరలించాయో కరోల్ ఉపాధ్య 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఈ జిల్లాల విద్యార్థులు తప్పక చదవాల్సింది. రైసు మిల్లు, సినిమా హాలు, నర్సింగ్ హోము, కాలేజీ, ఇప్పుడు ఆక్వా. రూపం మారింది గానీ చేతులు పెద్దగా మారలేదు. దేశం మొత్తం మీద చూసినా ఇదే. 2005 ఆర్థిక గణన ఆధారంగా లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వార్ష్ణేయ్ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం జనాభాలో 16.4 శాతం ఉన్న షెడ్యూల్డ్ కులాల చేతిలో ఉన్న వ్యాపార సంస్థలు 9.8 శాతమే. వాటిలో వెబ్‌సైటుకు డబ్బు పెట్టగలిగే స్థాయి ఉన్నవి ఇంకెన్నో ఊహించుకోవచ్చు.

కాబట్టి దళిత డిజైనర్‌కు డబ్బిచ్చే క్లయింటు, నూటికి తొంభై సందర్భాల్లో, తన కులం వాడు కాదు. అక్కడ ఎదురయ్యే ప్రశ్న మనందరికీ తెలిసిందే. ‘ఏ ఊరు బాబూ మీది?’ అంటారు ముందు. ఊరు చెబితే ‘ఊళ్ళో ఎక్కడ?’ అంటారు. తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే ‘మనోళ్ళేనా?’ అని నవ్వుతూ అడిగేస్తారు. ఇది అడిగే మనిషి తాను వివక్ష చూపిస్తున్నానని అనుకోడు. నమ్మకం కోసం అడుగుతున్నానంటాడు. అడ్వాన్సు తీసుకుని పారిపోతే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కదా అంటాడు. అంటే ఇక్కడ కులం ఒక హామీపత్రం. ఆ పత్రం ఉన్నవాడికి అనుభవం లేకపోయినా పని దొరుకుతుంది. లేనివాడు పది సైట్లు చేసి చూపించినా ‘చూసి చెబుతాం’ దగ్గర ఆగిపోతాడు.

ఇది భావన మాత్రమే కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండొంతులే ఉన్నట్టు తేలింది. అక్కడ ఉన్నది కాగితం మీద పేరొక్కటే. గుడివాడ నెహ్రూ చౌక్‌లోనో, బందరు కోనేరు సెంటర్‌లోనో మనిషి ఎదురుగా కూర్చుంటాడు. కాగితం దాచగలిగినవి కూడా అక్కడ బయటపడతాయి.

అసలు వెబ్‌సైటు ఎవరికి కావాలి?

చాలామందికి అక్కర్లేదు. ఈ మాట డిజైన్ కోర్సుల వాళ్ళు చెప్పరు. టిఫిన్ హోటలుకు గూగుల్ మ్యాప్‌లో పేరు, ఫోన్ నంబరు ఉంటే చాలు. అది ఉచితం. చెరువుల రైతుకు కావాల్సింది ఇవాళ కౌంటు రేటెంతో చెప్పే వాట్సాప్ మెసేజి. ఫంక్షన్ హాలుకు ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుంది. వీళ్ళ చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకున్నవాళ్ళు, ఆఖరికి ‘మనకు మార్కెటింగ్ రాదు’ అని తమనే తిట్టుకుంటారు. అవసరం లేనివాడికి అమ్మడం ఎవరికీ రాదు.

డబ్బిచ్చేవాళ్ళు రెండు రకాలు. బయటి ఊళ్ళ కొనుగోలుదార్లు ఉన్నవాళ్ళు ఒకరు. పెడనలో కలంకారీ అచ్చు బట్టలు చేసేవాళ్ళు, బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల వ్యాపారులు, భౌగోళిక గుర్తింపు దక్కిన బందరు లడ్డు అమ్మేవాళ్ళు, విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో కూచిపూడి నాట్యం నేర్పే గురువులు. వీళ్ళ దగ్గర వెబ్‌సైటు అన్న మాటకన్నా ‘కేటలాగు’ అన్న మాట బాగా పనిచేస్తుంది. నగల వ్యాపారికి మాత్రం ఇంకో భయం ఉంటుంది. డిజైన్లు బయటపెడితే పక్కవాడు కాపీ కొడతాడని. నంబరు ఇచ్చిన కొనుగోలుదారుకే కనిపించే పేజీ చేసి చూపిస్తే ఆ సంభాషణ ముందుకెళ్తుంది.

రెండో రకం నాకు ఎక్కువ ఆసక్తికరం. నిబంధన వల్ల వెబ్‌సైటు పెట్టుకోక తప్పనివాళ్ళు. సీబీఎస్ఈ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ తన గుర్తింపు పత్రాలు, భవన భద్రతా ధ్రువపత్రాలు, ఫీజులు, టీచర్ల వివరాలు తన సైటులో బహిరంగంగా పెట్టాలి. బీఈడీ కాలేజీలకు 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలు నడుస్తున్న వెబ్‌సైటు ఉండాలని చెబుతున్నాయి. న్యాక్ గ్రేడు ఉన్న డిగ్రీ కాలేజీ ప్రతి సంవత్సరం నాణ్యతా నివేదిక పంపాలి. అందులో అడిగే పత్రాలకు కాలేజీ సైటులోని లింకులు ఇవ్వాలి. ఇలాంటి కాలేజీ సైట్లు తెరిచి చూడండి. సగం లింకులు పనిచేయవు. చివరి నోటీసు రెండేళ్ళ కిందటిది. తనిఖీ దగ్గరపడ్డప్పుడు ప్రిన్సిపాల్‌కు చెమటలు పడతాయి.

అక్కడికి ‘సార్, వెబ్‌సైటు చేస్తాను’ అని వెళ్తే ‘ఉంది’ అంటారు. ‘సార్, మీ సైటులో ఫలానా ఏడు పత్రాలు లేవు, ఈ నాలుగు లింకులు తెగిపోయాయి’ అని ఒక పేజీలో రాసి తీసుకెళ్తే పరిస్థితి వేరు. అప్పుడు మీరు అడుక్కోవడానికి వచ్చిన మనిషి కాదు, తన తలనొప్పి తెలిసిన మనిషి. ‘ఏ ఊరు?’ అన్న ప్రశ్న రాదని చెప్పను. వస్తుంది. కానీ అప్పటికి బల్ల మీద కాగితం ఉంటుంది. పైగా ఇది ఒక్కసారితో పోయే పని కాదు. నివేదిక ప్రతి సంవత్సరం ఉంటుంది. ఏడాదికింత అని నిర్వహణ ఒప్పందం రాసుకోవచ్చు. ఫ్రీలాన్సర్ బతుకు నిలబడేది కొత్త సైట్ల మీద కాదు, ఇలా ఏటా తిరిగొచ్చే చిన్న మొత్తాల మీదే.

డీఎస్సీ కోచింగ్‌కు పేరుబడ్డ అవనిగడ్డ సంగతి కూడా ఇలాంటిదే. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇన్‌స్టిట్యూట్లకు అడ్మిషన్ల హడావిడి, మిగతా కాలం నిశ్శబ్దం. అడగాల్సిన సమయం ఆ నిశ్శబ్దంలోనే.

ఇంకో సందు అక్షరాలది. మన పట్టణాల్లో డీటీపీ సెంటర్లు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో టైపు చేశాయి. కాలేజీ మ్యాగజైన్లు, సంఘాల కరపత్రాలు, చర్చిల పాటల పుస్తకాలు అన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. అది యూనికోడ్ కాదు. వెబ్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు తెగకుండా, వరసల మధ్య చాలినంత చోటు ఇచ్చి, చిన్న ఫోనులో కూడా చదవగలిగేలా పెట్టడం హైదరాబాద్ ఏజెన్సీలు పట్టించుకోని పని. తెలుగు బాగా వచ్చిన డిజైనర్‌కు ఇక్కడ పోటీ తక్కువ. ఇంగ్లీషు రాదని కుంగిపోయే మన పిల్లల్లో చాలామందికి ఈ పని చేతిలోనే ఉంది.

మధ్యలో ఉండే మనుషులు

1973లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగాల కబురు మనకు దగ్గరివాళ్ళ నుంచి కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ళ నుంచే ఎక్కువగా వస్తుందని ఆయన వాదన. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలుసు. దూరపు పరిచయస్తుడు వేరే లోకంలో తిరుగుతాడు గనక కొత్త కబురు తెస్తాడు. మన దగ్గర చిక్కేమిటంటే ఆ దూరపు పరిచయాలు కూడా ఊరికీ పల్లెకూ మధ్య గీత దగ్గర తెగిపోతాయి. అందుకే వృత్తిరీత్యా ఆ గీత దాటి తిరిగేవాళ్ళెవరో వెతకాలి.

ఫ్లెక్సీ, డీటీపీ షాపు అలాంటి చోటు. పెళ్ళి కార్డు, షాపు ప్రారంభం బ్యానరు, స్కూలు బ్రోచరు అన్నీ అక్కడికే వస్తాయి. కొత్తగా ఏ వ్యాపారం మొదలవుతుందో ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసేది ఆ షాపువాడికే. జీఎస్టీ రిటర్నులు వేసే ట్యాక్స్ కన్సల్టెంటు ఇంకొకడు. ఎవరి టర్నోవరు ఎంతో, ఎవరు బిల్లులు సరిగ్గా కడతారో అతనికి తెలుసు. వీళ్ళకు తెచ్చిన పనికి ఇంత శాతం అని ముందే చెప్పి, డబ్బు చేతికి రాగానే ఇచ్చేస్తే, వాళ్ళ మాటే మీ హామీపత్రం అవుతుంది. కులం స్థానంలో కమీషను! నాకూ ఇది పెద్ద విముక్తిగా కనిపించదు. కానీ కమీషను ఎవరైనా ఇవ్వగలరు, కులం అలా కాదు.

విజయవాడ ఏజెన్సీల కింద పనిచేయడం వేరే కథ. అది కౌలు లాంటిది. ఏజెన్సీ ఒక ఆసుపత్రి దగ్గర నలభై వేలకు ఒప్పుకుని, పనంతా చేసే కుర్రాడికి పదివేలు ఇస్తుందనుకుందాం. పేరు ఏజెన్సీది, క్లయింటు ఏజెన్సీది. చేసిన సైటును తన పనిగా చూపించుకోకూడదన్న షరతు కూడా ఉండొచ్చు. పంట మీద హక్కు లేని కౌలుదారు ఎలా ఏటికేడు అక్కడే ఉంటాడో ఇతనూ అంతే. మొదటి ఆరునెలలకు ఇది తప్పదనిపిస్తే ఒక్క షరతు మాత్రం పెట్టుకోవాలి: చేసిన పనిని నమూనాగా చూపించుకునే హక్కు. దానికోసం డబ్బు కొంచెం తగ్గినా నష్టం లేదు.

మరి అప్‌వర్క్, ఫైవర్ లాంటి వేదికల సంగతి? అక్కడ కులం అడగరని చాలామంది ఆశ. ఏ లీడ్స్‌లోనో ఉన్న బేకరీ యజమానికి మన ఇంటిపేరు ఏమీ చెప్పదు. అంతవరకు నిజమే. కానీ రివ్యూలు లేనివాడికి పని రాదు, పని రానివాడికి రివ్యూలు రావు. ఇది కూడా మూసి ఉన్న తలుపే, తాళం వేరు అంతే. ఫైవర్ అమ్మకందారు నుంచి 20 శాతం కోసుకుంటుంది. అప్‌వర్క్‌లో ప్రతిపాదన పంపడానికే ‘కనెక్ట్’లు ఖర్చవుతాయి. ఆ ఖర్చు భరిస్తూ నెలల తరబడి వేచి ఉండగలిగేది ఇంట్లో వేరే ఆదాయం ఉన్నవాడు. స్థానిక క్లయింట్ల మీద బతుకుతూ, వారానికి కొన్ని గంటలు మాత్రమే వీటి మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇంటర్నెట్ మీద బతికేవాడికి ఇంటర్నెట్టే కులం చేతిలో ఉండొచ్చని పక్కనున్న గోదావరి డెల్టా 2022లో చూపించింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళు తగలబెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్ళారు. ఉద్యోగికి కంపెనీ ఉంది, అర్థం చేసుకుంటుంది. గడువు దాటిన ఫ్రీలాన్సర్‌ను విదేశంలోని క్లయింటు అర్థం చేసుకోడు. ఒక్క నక్షత్రం ఇచ్చి పోతాడు.

పని చేశాక డబ్బు

పని దొరకడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఇంకో ఎత్తు. ‘వచ్చే వారం’ అన్న మాట ఎన్ని వారాలైనా సాగుతుంది. గట్టిగా అడిగితే ‘వీడికి పొగరు’ అంటారు. ఆ మాట అందరికీ ఒకేలా తగలదని ఈ పాఠకులకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని చట్టం ఒకటుంది. 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ సంస్థ సేవలు అందిస్తే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. ఇవ్వకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకు వెళ్ళాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. ఒంటరి డిజైనర్ కూడా ఉద్యమ్‌లో నమోదు కావచ్చు. నమోదు ఉచితం, ఆధార్, పాన్ చాలు. డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మొద్దు. ఒక్క జాగ్రత్త: పని ఒప్పుకోకముందే నమోదై ఉండాలి. బాకీ పడ్డాక చేసుకుంటే పాత బాకీకి వర్తించకపోవచ్చు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ నమోదు సాధారణంగా అక్కర్లేదు. కాబట్టి ‘జీఎస్టీ నంబరు లేదు కదా, బిల్లెలా ఇస్తావు’ అనేవాళ్ళకు మామూలు బిల్లు ఇవ్వొచ్చు.

బిల్లు కింద ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు తేదీ ముద్రించి ఉంటే చాలాసార్లు ఫిర్యాదుదాకా పోనక్కర్లేదు. సగం అడ్వాన్సు, సైటు చూపించాక పావు, పాస్‌వర్డులు అప్పగించేటప్పుడు మిగతాది అని ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేసుకోవాలి. డొమైన్ పేరు మాత్రం క్లయింటు పేరు మీదే కొనాలి. అది మీ పేరు మీద పెట్టుకుని బాకీ కోసం సైటు ఆపేస్తే తప్పు మీ మీదకి తిరుగుతుంది.

దళితుల కోసం ప్రత్యేకంగా ఉన్న పథకాలు ఈ పనికి ఎంత సరిపోతాయో కూడా చూడాలి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి దాకా అప్పిచ్చేలా తయారైంది. లాప్‌టాప్ కొనుక్కోవాలనుకునేవాడికి అది ఎందుకు? 50 వేల లోపు ముద్ర శిశు రుణం నయం. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల చిన్న సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానం 2012 నుంచి ఉంది. ఇద్దరు ముగ్గురు డిజైనర్లు కలిసి ఒక సంస్థగా నమోదై జెమ్ పోర్టల్‌లో చేరితే దాన్ని వాడుకోవచ్చు. ఎస్సీ ధ్రువపత్రం కావాలి గనక, కాగితం మీద క్రైస్తవులుగా ఉన్నవాళ్ళకు ఆ తలుపు మూసే ఉంటుంది. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ. ఇంటిపేరు విని పని ఇవ్వని వ్యాపారికి మాత్రం ఈ తేడా పట్టదు.

కులం పేరుతో వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకోవడం 2015లో సవరించిన అట్రాసిటీ చట్టంలో 3(1)(జడ్ఏ) కింద నేరం. సామాజిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే. ఒక క్లయింటు మర్యాదగా ‘వద్దులే’ అంటే ఈ సెక్షన్ పనికిరాదు. ఊళ్ళో పెద్దలు ‘వాడికి పని ఇవ్వొద్దు’ అని చెప్పి ఇస్తున్నవాళ్ళను ఆపితే పనికొస్తుంది. ఆ తేడా గుర్తుపెట్టుకుని ఆధారాలు దాచుకోవాలి.

ఇక మన ఇంటి సంగతి. డెల్టాలో దళిత డిజైనర్‌కు మొదట పని చెప్పేది చర్చి, ఆ తర్వాత సంఘం. పాస్టరుగారు ‘దేవుని సేవ బాబూ’ అంటారు. సంఘం నాయకుడు ఏప్రిల్ 13 రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ‘తమ్ముడూ, ఒక్క పోస్టరు’ అంటాడు. టెంటు హౌసుకు, మైకుసెట్టుకు, ఫ్లెక్సీ ప్రింటుకు డబ్బిస్తారు. డిజైను చేసిన తమ్ముడికి భోజనం పెడతారు. కూలి లేకుండా చేయించుకునే పనికి మన ఊళ్ళలో ఒక పాత పేరుంది, వెట్టి అని. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది బలవంతపు చాకిరీని. ఇక్కడ బలవంతం లేదు, అభిమానం ఉంది. అందుకే కాదనడం ఇంకా కష్టం.

అందరి దగ్గరా డబ్బు వసూలు చేయాలని నేను అనను. ఉద్యమానికి ఉచితంగా చేయాల్సిన పనులు ఉంటాయి. కానీ ఉచితంగా చేసినప్పుడు కూడా బిల్లు ఇవ్వాలి. పోస్టరు డిజైను 800, సంఘానికి తగ్గింపు 800, చెల్లించాల్సింది సున్నా. రెండు కాపీలు, ఒకదాని మీద సంఘం కార్యదర్శి సంతకం. పెడనలోనో గుడివాడలోనో కొత్త క్లయింటు ‘ఇంతకుముందు ఎవరికి చేశావు, ఎంత తీసుకున్నావు’ అని అడిగినప్పుడు తీసి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. వచ్చే ఏడాది సంఘం జమాఖర్చు రాసుకునేటప్పుడు, మైకుసెట్టు పక్కన డిజైనుకు కూడా ఒక గడి ఉంటుంది.